దగ్గరికి పోయే లెన్సు

మంగళవారం పొద్దుగాల ప్రకాశం తన ఫోటో దుకాణంల బల్ల మీద తెల్ల తువాల పరిచి రెండు లెన్సులు దాని మీద పెట్టిండు. ఒకటి పెద్దది. నల్లగ, పొడుగ్గ, ఇనుపగుండు తీరు బరువు. ఒకటి చిన్నది. పెద్ద నిమ్మకాయంత. కుడిచేతుల ఒకటి, ఎడమచేతుల ఒకటి పట్టుకొని జరసేపు నిలవడ్డడు. కుడిచెయ్యి మెల్లగ కిందికి దిగింది.

"శనివారం మొదటి బస్సుకు వస్త సార్" అన్నడు శశిధర్. హైదరాబాదుల కెమెరాలమ్మే దుకాణం మనిషి. సంచి భుజానికి తగిలించుకొని గడప మీద ఉన్నడు. "రెండూ పెట్టి తీసి చూడుండ్రి. నచ్చింది ఉంచుకోండ్రి, నచ్చనిది ఇయ్యండ్రి."

"నువ్వు ఏదంటవ్?"

"నన్నడిగితె పెద్దది. పెండ్లిల అది మెడకేసుకొని నిలవడితె పిలగాని తండ్రి సుత జరిగి తొవ్వ ఇస్తడు."

ప్రకాశం లెన్సులు తువాల మీద పెట్టిండు. శశిధర్ చేగుంట బస్సు దొరికిచ్చుకోవాలని ఉరికిండు.

కెమెరా జపాన్‌ది. బడిల పనిచేసిన ఒక సారు ఊరిడిసి పోతుంటె ప్రకాశం తీసుకున్నడు. దానితోటి వచ్చిన లెన్సుకు పోయిన వానకాలం లోపట బూజు పారింది. ఏ మొఖం తీసినా పొగల నిలవడ్డట్టే వస్తున్నది. ఇగ ఒక్కటే లెన్సు కొనాలె. బడి పిల్లల గుంపు ఫోటో దానితోనే, పెండ్లి దానితోనే, దవాఖానల డాక్టరమ్మ అడిగే కండ్ల ఫోటోలు, పుండ్ల ఫోటోలు దానితోనే. టేక్మాల్ పోయినా అల్లాదుర్గ్ పోయినా సైకిల్ మీద మోసుకపోవాల్సింది ఆయనే.

ఆయన భార్య జ్ఞానమ్మ చాయ తెచ్చి రెండింటి దిక్కు చూసింది.

"పెద్దది తీసుకుంటె రాత్రి నీ మెడకు జిందా తిలిస్మాత్ రాసుడు నా పని."

"చూస్త."

"చూడు. ఎప్పుడు చూసుడే గద నీ పని, మాట్లాడుడుండది."

ఆయన దుకాణం ముందటికి వచ్చిండు. పెద్ద లెన్సు బిగిచ్చిండు. కెమెరా ముందటికి తల వంచింది. గోడ మీద పాత పేపరు అంటిచ్చి రెండు గజాల దూరం పోతెగాని అక్షరాలు కుదరలే. దాన్ని ఇప్పి చిన్నది పెట్టిండు. జరిగిండు, ఇంకా జరిగిండు. జానెడు దూరం దాకా పోయినా అక్షరం నలుపు తేటగనే ఉన్నది. వరి కంకి తీసిండు. నాలుగణాల బిళ్ల తీసిండు. జ్ఞానమ్మ చెవికమ్మ తీసిండు. మళ్ల అదే లెన్సుతోటి వీధి అవతలి ఒడ్డున ఉన్న నర్సింగం హోటలు బోర్డు, బెంచీలు, బెంచీల మీద కూసున్న మనుషులు, అన్నీ ఒక్క ఫోటోల పట్టిచ్చిండు. మూపు నొయ్యలే, మణికట్టు నొయ్యలే.

కాని జీవమున్నది ఒకటి తియ్యాలె. వస్తువైతె కదలది, మనిషి కదుల్తడు.

పది గంటలకు రామమ్మ పెరుగు కుండ దించింది. ఈ వాడల ఆమె రోజూ పన్నెండు ఇండ్లకు పోస్తది. ఆఖరికి మిగిలిందంత నర్సింగం హోటలుకు. కొలత గిన్నె ముంచి జ్ఞానమ్మ పట్టిన చెంబుల ఒంపుతున్నది. గిన్నె అంచుకు పెరుగు బొట్టు యాలాడుతున్నది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు, కొండి పైకెత్తి.

"రామమ్మా, జర గట్లనే ఉండు."

"ఏమైందన్నా?"

"చెయ్యి కదలనియ్యకు."

ప్రకాశం వంగి జానెడు దూరంల కెమెరా పెట్టిండు. రామమ్మ ఒక్కసారి ఆయన దిక్కు చూసి, చెయ్యి దిక్కు చూసుకున్నది. గిన్నెను గట్లనే పట్టుకున్నది.

"మొఖం తీస్తవనుకున్న. చెయ్యి తీస్తవా? తెలిస్తె చేతికి బొట్టు పెట్టుకొని వద్దును గద" అన్నది. జ్ఞానమ్మ నవ్వింది. చెంబు కదిలింది.

"నువ్వు నవ్వకు" అన్నడు ప్రకాశం.

చిన్నదానితోటి నాలుగు తీసిండు. లెన్సు మార్చి, స్టాండు పెట్టి, దూరం పోయి పెద్దదానితోటి నాలుగు తీసిండు. అంతసేపు రామమ్మ చెయ్యి కదలలే. ఒకపాలి గిన్నె అంచుకు ఈగ వాలితె నోటితోటి ఊదింది, అంతే. ఆఖరికి ప్రకాశం చాలన్నంక సుత చెయ్యి జరసేపు అట్లనే పట్టి ఆయన మొఖంల చూసింది. ఏమన్న అంటడేమోనని చూసినట్టు చూసింది. ఆయన రీలు తిప్పుకుంట లోపటికి పోయిండు.

*

మధ్యాన్నం చీకటి గదిల ఎర్ర బల్బు కింద కాగితం మందుల తేలుతున్నది. ముందుగాల తేలు కొండి వచ్చింది. తర్వాత గిన్నె అంచు, అంచుకు పెరుగు బొట్టు, ఆ బొట్టుల కిటికీ వెలుగు. వేళ్ల గీతలు, గోటి కింద మట్టి. ముప్పై ఏండ్ల సంది ఫోటోలు కడుగుతున్నడుగాని ఆయన మందుల గింత తేటగ ఏదీ పైకి రాలే.

పచ్చబొట్టు పక్కన, బొటనవేలు మొదట్ల, ఒక తెల్ల మచ్చ ఉన్నది. రూపాయి బిళ్లంత. అంచు వంకరలు పోయి ఉన్నది. ప్రకాశం మొదలు కాగితం చెడ్డదేమో అనుకున్నడు. ఇంకోటి కడిగిండు. అండ్ల సుత మచ్చ ఉన్నది. పెద్ద లెన్సుతోటి తీసిన దాంట్ల చెయ్యి చిన్నగ, మెత్తగ ఉన్నది. మచ్చ లేనట్టే ఉన్నది.

అలవాటుకు చెయ్యి పెన్సిల్ డబ్బ మీదికి పోయింది. అమ్మవారు పోసిన మొఖాల గుంటలు, పుట్టుమచ్చలు, గాయాల గీతలు, ఎన్ని దిద్దిండో. ఫిల్ము మీదనో కాగితం మీదనో సన్న పెన్సిల్‌తోటి చుక్కలు పెడితె మచ్చ మాయమైతది. ఫోటో తీసుకున్నోళ్లు సంబురపడ్తరు. దిద్దనిది ఒక్క ఫోటో సుత ఆ గడప దాటిపోలే.

పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకున్నడు. మళ్ల తీసి డబ్బల పెట్టిండు. దిద్దితె లెన్సు గొప్పేం తెలుస్తది? ఉన్నది ఉన్నట్టు చూపెట్టిందని ఎట్ల తెలుస్తది?

బుధవారం పొద్దుగాల రెండు ఫోటోలు పెద్దగ కడిగినవి దుకాణం ముందటి అద్దాల పెట్టెల పక్కపక్కన అంటిచ్చిండు. కింద చీటి రాసిండు. "రెండు కొత్త లెన్సులు. ఏది మంచిగున్నదో చూసి చెప్పుండ్రి." రాసుకుంట ఒకపాలి నవ్విండు సుత. జ్ఞానమ్మ చూసి, "నీకు గిదేం ఇకమతు" అన్నది.

మనుషులు ఆగిండ్రు. బడికి పోయే పంతులమ్మలు ఆగిండ్రు. బస్సు దిగినోళ్లు ఆగిండ్రు. అందరు చిన్నదానితోటి తీసిందే చూపెట్టిండ్రు. "పెరుగు బొట్టు ముట్టుకుంటె వేలికి అంటేటట్టున్నది" అన్నడొక ముసలాయన. ప్రకాశం గడపల స్టూలేసుకొని కూసున్నడు. ఎవరన్న అడిగితె ఒక్క మాట చెప్తున్నడు. మామూలుగ అది సుత చెప్పడు.

నర్సింగం తువాల భుజం మీదేసుకొని వచ్చిండు. రోజూ ఈ వేళకు ఒక చాయ గిలాస ప్రకాశం చేతికిస్తడు. ఇచ్చిండు. అద్దాల పెట్టె ముందట వంగిండు.

"గీ తేలు ఎక్కడ్నో చూసిన. రామమ్మ చెయ్యి గదా?"

"అవ్" అన్నడు ప్రకాశం. "రామమ్మదే."

"మస్తు తీసినవ్." నర్సింగం ఇంకా వంగిండు. "గీ తెల్లగున్నదేంది? ఫోటో ఖరాబైందా?"

"ఖరాబు కాలే. గీ లెన్సు లేంది ఏస్తదా? చేతి మీద ఉన్నదే వచ్చింది."

నర్సింగం లేచి నిలవడ్డడు. భుజం మీది తువాల తీసి రెండు చేతులు తుడుచుకున్నడు. వీధి దాటి హోటలుకు పోయిండు. ప్రకాశం చాయ తాగిండు. లెన్సును ఆ మాట అన్నందుకు ఆయనకు జర కోపమచ్చింది, ఆ కోపం గిలాస అయిపోయేసరికి పోయింది.

*

బేస్తవారం రామమ్మ వచ్చే వేళకు జ్ఞానమ్మ చెంబు పట్టుకొని రాలే. గడప లోపటనే నిలవడి, "ఇయ్యాల వద్దు రామమ్మా" అన్నది.

"గదేందక్కా? నిన్నటిదున్నదా?"

"ఆ. ఉన్నది."

రామమ్మ కుండ ఎత్తుకున్నది. కుండ బరువుగనే ఉన్నది. ఎత్తుకునేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పెట్టాలె. రోజూ జ్ఞానమ్మ పెడ్తది. ఇయ్యాల రామమ్మ మోకాలు మీద ఆనిచ్చుకొని ఒక్కతే ఎత్తుకున్నది.

ప్రకాశం బల్ల కాడ కూసోని చూసిండు.

"నిన్నటి పెరుగు లేదు గద" అన్నడు, ఆమె పోయినంక.

"నల్ల కాడ అందరు గదే మాట." జ్ఞానమ్మ ఆయన దిక్కు చూడలే. చెంబుల నీళ్లు పోసి ఊకెనే కడుగుతున్నది. "పెద్దరోగమంట, కుష్టంట. మచ్చ తెల్లగ ఉన్నదంట. నర్సింగం నిన్న పెరుగంత మోరిల పారబోసిండు, అది పోసిన తన కుండ సుత పగలగొట్టిండు. పన్నెండు ఇండ్లల్ల ఒక్కరు పోయించుకోరంట."

"ఎవరు చెప్పిండ్రు పెద్దరోగమని?"

"నీ అద్దాల పెట్టె చెప్పింది."

ఆయన లేచిండు. పెట్టె తీసి ఫోటోలు రెండూ పీకిండు. జిగురుకు ఒక మూల చిరిగింది. సొరుగుల ఏసిండు. చీటి మిగిలింది, దాన్నీ పీకిండు. వీధిల ఇద్దరు మనుషులు ఆగి, ఖాళీ పెట్టె దిక్కు చూసి, ఒకల్నొకలు చూసుకొని పోయిండ్రు. ఫోటోలు పీకినందుకు పెద్దరోగమేనని ఇంకా ఖాయమైనట్టున్నది వాళ్లకు.

పొద్దెక్కినంక రామమ్మ మళ్ల ఆ వీధిలనే వచ్చింది. కుండ నెత్తి మీదనే ఉన్నది. అడుగు చూస్తె తెలుస్తది, నిండు కుండ మోసే అడుగు వేరే ఉంటది. హోటలు ముందట బెంచి మీద కూసున్నోళ్లు కాళ్లు దగ్గరికి ముడుసుకున్నరు. ఒకడు, "ఓ రామమ్మా, దూరంకెల్లి పో జర" అన్నడు. ఇంకోడు నవ్విండు.

ఆమె దుకాణం దిక్కు తిరుగుతున్నది. ప్రకాశం లేచి చీకటి గదిలకు పోయి తలుపు ఏసుకున్నడు. ఎర్ర బల్బు ఏసుకోలే. కడిగేది ఏమీ లేదు. నిలవడ్డడు. మందుల వాసన ముక్కుకు కొట్టింది. బయట ఆమె గాజుల చప్పుడు గడప దాకా వచ్చింది.

"అన్న లేడా అక్కా?"

"లోపల పనిల ఉన్నడు."

"పనిల ఉన్నడా. సరే."

గాజుల చప్పుడు పోయింది. ఆయన చానసేపు తలుపు తియ్యలే. ఆమె ఇంటికి పోయి ఆ పెరుగు ఏం చేస్తదో అని ఆలోచన. కుండెడు పెరుగు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక బర్రె. అంత తినలేరు, పారబొయ్యలేరు.

*

శుక్రవారం ఆమె కుండ లేకుంటనే వచ్చింది. తెల్లచీరె కట్టుకున్నది. ఈసారి ప్రకాశం గడపలనే ఉన్నడు, లోపటికి పోయేటందుకు సందు లేదు.

"అన్నా, నువ్వు దవాఖానకు ఫోటోలు ఇయ్యపోతవు గద. నన్ను తీసుకపో. డాక్టరమ్మ నీ మాట ఇంటది. నేనొక్కదాన్ని పోతె లైనుల నిలవడనియ్యరు."

"పోదాం" అన్నడు. చెప్పుల కోసం కాలు పెడితె ఒకటే దొరికింది. రెండోది జ్ఞానమ్మ తెచ్చి ముందట పెట్టింది. రామమ్మను చూసి ఏదో అనబోయి, చీరె కొంగు సదురుకున్నది.

నడిచిండ్రు. రామమ్మ నాలుగడుగులు వెనక నడిచింది. ఆమె ఎన్నడు అట్ల నడవలే. ప్రకాశం ఆగితె ఆమె ఆగింది. వీధిల మనుషులు చూస్తున్నరు. ఆయనకు వాళ్లు చూసుడు మీద సిగ్గు, సిగ్గు పడుతున్నందుకు ఇంకో సిగ్గు. చర్చి శిఖరం నీడ రోడ్డు మీద అడ్డంగ పడ్డది. ఆ నీడల ఒకపాలి ఆగి, "పక్కకు రా రామమ్మా" అన్నడు.

"ఎందుకులే అన్నా. నీకు గిరాకీ పోతది."

గట్లనే దవాఖాన దాకా నడిచిండ్రు.

డాక్టరమ్మ రామమ్మను బెంచి మీద కూసోబెట్టింది. చెయ్యి వెలుగుల పెట్టి చూసింది. దూది పోగు తీసింది, గుండుసూది తీసింది.

"కండ్లు మూసుకో. ముట్టినప్పుడల్లా చెప్పు."

"ముట్టిండ్రు" అన్నది రామమ్మ. "మళ్ల ముట్టిండ్రు. ఇప్పుడు గుచ్చిండ్రు. ఇగో గుచ్చిండ్రు. అమ్మా, గట్ల గుచ్చితె బండకైనా తెలుస్తది, చెయ్యి సంగతెందుకు?"

డాక్టరమ్మ నవ్వింది. మచ్చ నడుమల గుచ్చింది, అంచుల గుచ్చింది, మోచెయ్యి కాడ నరం ఒత్తి చూసింది, చెవులు చూసింది. ఒక్క తావు తప్పిపోలే.

"కండ్లు తెరువు. పెద్దరోగం కాదు ఇది. ఆ రోగమైతె మచ్చ మీద సూది తెల్వదు. ఇది చర్మం రంగు పోయింది, అంతే. ఏదో మందు తగిలి పోయింది. పెరుగుతోటి కాదు. పెరుగు అమ్మక ముందు ఏం పని చేసినవ్?"

రామమ్మ ప్రకాశం దిక్కు చూసింది. జరసేపు చూసింది.

"గిన్నెలు కడిగిన" అన్నది.

"ఎక్కడ?"

"ఒక తావుల. చాన దినాలైంది తియ్యమ్మా."

"ఏం గిన్నెలు? వాటిల ఏం మందు ఉంటుండె?"

రామమ్మ తల వంచి పచ్చబొట్టు మీద వేలితోటి రాసుకున్నది. డాక్టరమ్మ ఆమెనిడిసి ప్రకాశం దిక్కు తిరిగింది. ఆయన గోర్ల దిక్కు చూసింది. ముప్పై ఏండ్ల మందుకు ఆయన గోర్లు నల్లగ మాడినట్టుంటయి. ప్రకాశం రెండు చేతులు వెనక్కి పెట్టుకున్నడు.

ఆ గదిల అప్పుడు ఆయన ఒక్కమాట అంటె అయిపోతుండె. అనలే. డాక్టరమ్మ ఇంగ్లీషుల చీటి రాసి రామమ్మ చేతుల పెట్టింది. "ఎవరన్న అడిగితె చూపెట్టు" అన్నది.

*

తిరిగి వచ్చేటప్పుడు రామమ్మ పక్కననే నడిచింది. చీటి కొంగుల కట్టుకున్నది.

"నా దుకాణంల గిన్నెలని ఎందుకు చెప్పలే?" అని ప్రకాశం అడిగిండు.

"ఏమని చెప్పాలె? నువ్వే నిలవడ్డవు గద ఆడ."

రామమ్మ నడుసుకుంటనే చెప్పింది.

"మా ఆయన పోయినంక నీ ట్రేలు, నీ సీసలు రెండేండ్లు కడిగిన గద. నువ్వు చిమ్టతోటి పట్టుకొని తీస్తుంటివి. నాకు చిమ్ట లేకుండె. చెయ్యి పెట్టి కడుగుతుంటి. మొదలు దురద పెట్టింది, తర్వాత పొట్టు లేసింది, తర్వాత తెల్లగైంది. నీకు తెల్వదా?"

"తెల్వదు."

"నిజంగ తెల్వదా?" రామమ్మ ఆగింది. రోడ్డు మీద సైకిలాయన గంట కొట్టుకుంట పోయిండు. "నేను నీకు తెలుసనుకున్న. మొన్న చెయ్యి తీస్తున్నవు గద. అంత దగ్గరికచ్చి చూస్తున్నవు. ఇన్ని దినాలకు చూసిండు, డాక్టరమ్మకు చూపెడ్తడేమో అనుకున్న. అందుకే కదలకుంట పట్టుకున్న. లేకుంటె కొలత గిన్నె గంతసేపు పట్టుకునేటందుకు నాకేం పనిలేదా?"

ఆమె గొంతు పెద్దగ చెయ్యలే. పెరుగు ధర చెప్పినట్టు చెప్పింది. చెప్పి నడిచింది. ప్రకాశం అక్కడనే నిలవడ్డడు. రూపాయి బిళ్లంత మచ్చ అనుకున్నడు, అంచు వంకర అనుకున్నడు, కాగితం చెడ్డదనుకున్నడు. ఎట్ల వచ్చిందని మాత్రం అనుకోలే. ఉరికినట్టు నడిచి ఆమెను కలుసుకున్నడు.

"రామమ్మా. ఆ ఫోటో మళ్ల పెట్టి, కింద రాస్త. మందుతోటి అయిందని."

"నాది వద్దు" అన్నది ఆమె. "నా చెయ్యి చాలు చూసిండ్రు. నీది పెట్టుకో."

హోటలు ముందట ఆగి ఆమె కొంగు ఇప్పి చీటి నర్సింగంకు చూపెట్టింది. నర్సింగం చీటి ముట్టలే, దూరంకెల్లే చూసిండు. "ఇంగ్లీషుల ఉన్నది. ఏం రాసిందో ఎవనికెరుక" అన్నడు. "రెండు దినాలు పోనియ్యి, చూద్దాం." ప్రకాశం వీధి ఇవతలనే ఉన్నడు. నోరు తెరిచిండు. నర్సింగం పొయ్యి దిక్కు తిరిగిండు.

*

ఎండ తగ్గక ముందే ప్రకాశం వసారల బల్ల ఏసుకున్నడు. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టిండు, వేళ్లు ఎడం చేసి. కుడిచేతుల కెమెరా. పెద్ద లెన్సుతోటి ఒక్కచేత్తోటి తియ్యరాదు. అది ముందటికి పడ్తది, జానెడు దూరంల ఏమీ కనపడది. చిన్నది బిగిచ్చిండు. ఒక్కచెయ్యి చాలింది.

లోపల నుంచి జ్ఞానమ్మ చూస్తున్నది.

"చెయ్యి తీసుకుంటున్నవా?"

"అవ్."

ఆమె వచ్చి ఆయన మోచెయ్యి కింద దిండు పెట్టింది. "కదలకు" అన్నది.

చీకటి గదిల కాగితం మీద నల్లగోర్లు ముందుగాల వచ్చినయి. తర్వాత వేళ్ల సందులు. ప్రకాశం బల్బు దగ్గరికి పట్టి చూసిండు. చూపుడు వేలు, నడిమి వేలు సందుల తెల్లటి చుక్కలు, మూడు. అంచులు వంకర. ముప్పై ఏండ్ల సంది రోజూ కడుక్కున్న చెయ్యి. ఒక్కనాడు సందులు ఎడం చేసి చూసుకోలే. పెన్సిల్ డబ్బ పక్కననే ఉన్నది. దాన్ని తీసి పైన అల్మార్ల పెట్టిండు.

చీటి రాసేటందుకు చానసేపు పట్టింది. మూడు చింపిండు.

శనివారం మొదటి బస్సుకు శశిధర్ దిగిండు. అద్దాల పెట్టె ముందట ఆగిండు. చదివిండు. లోపటికి వచ్చి గొంతు తగ్గిచ్చి, "సార్, గదేందుకు పెట్టిండ్రు? పసిపిల్లలను తీసుకొని ఎవరన్న వస్తరా ఇగ?" అన్నడు.

ప్రకాశం పెద్ద లెన్సు తువాలల చుట్టి ఆయన ముందటికి జరిపిండు.

"చిన్నది ఉంచుకుంటున్నరా?"

"అవ్."

"పెండ్లిల్ల ఎవరు గుర్తు పడ్తరు సార్ దాన్ని?"

"దగ్గరికి పోతది" అన్నడు ప్రకాశం.

శశిధర్ పోయినంక నర్సింగం వచ్చిండు, చాయ గిలాస పట్టుకొని. అద్దాల పెట్టె కాడ కొంచెంసేపు నిలవడ్డడు. చదువు అంతగ రాదు, గాని ఫోటో కనపడుతున్నది. ప్రకాశం చెయ్యి చాపిండు. నర్సింగం గిలాస ఆయన చేతికియ్యలే. గడప పక్కన అరుగు మీద పెట్టిండు. పెట్టి రెండడుగులు వెనక్కి జరిగిండు.

"ఇంకేమన్న దాచినవా ప్రకాశన్నా?" అన్నడు, నవ్వినట్టు.

ప్రకాశం చాపిన చెయ్యి అట్లనే ఉన్నది. దాన్ని ఎట్ల దించాల్నో తెల్వలే. గిలాస మీద ఆవిరి పోయేదాకా చూసిండు. రామమ్మ బేస్తవారం పన్నెండు గడపల ముందట గిట్లనే నిలవడ్డది. ఆయనకు ఒక్క గడపనే.

పది గంటలకు ఆమె వచ్చింది. కుండ తెచ్చింది. చిన్న కుండ. అద్దాల పెట్టె ముందట దించి చూసింది.

"నీ గోర్లు గింత నల్లగుంటయా? నేను ఎన్నడు చూడలే." కింద చీటి మీద వేలు పెట్టింది. "ఏం రాసినవ్? నాకు సదువురాదు గద. సదువు."

"లోపట చెప్త."

"ఈన్నే సదువు."

ప్రకాశం వీధిల నిలవడ్డడు. హోటలు బెంచీల మీద నలుగురున్నరు. నర్సింగం పొయ్యి కాడ పాలు పోస్తున్నడు. జ్ఞానమ్మ గడప మీదికి వచ్చింది. చెంబు చేతుల ఉన్నది.

"ఇది నా చెయ్యి" అని ప్రకాశం మొదలుపెట్టిండు. "ఈ చుక్కలు ఫోటో కడిగే మందుతోటి అయినయి. రామమ్మ చేతి మచ్చ సుత నా దుకాణం మందుతోటే అయింది. రెండేండ్లు ఆమె నా గిన్నెలు వట్టి చేతులతోటి కడిగింది. నేను చిమ్ట ఇయ్యలే. ఇది పెద్దరోగం కాదని డాక్టరమ్మ చూసి చెప్పింది. ఆమెను అడుగకుంట ఆమె చెయ్యి ఫోటో ఈడ పెట్టిన తప్పు నాది. ప్రకాశం."

బెంచి మీద ఒకడు దగ్గిండు. పాలు పొంగబోతె నర్సింగం గరిటె తిప్పిండు.

జ్ఞానమ్మ దిగి వచ్చి చెంబు పట్టింది. రామమ్మ గిన్నె ముంచలే. చెంబు దిక్కు చూసింది, జ్ఞానమ్మ మొఖం దిక్కు చూసింది. వీధి అవతలికి చూసింది.

"ఇంకోపాలి సదువన్నా" అన్నది. "పాల చప్పుడుకు నర్సింగంకు ఇనపడలే."

ప్రకాశం మళ్ల మొదటికెల్లి చదివిండు. ఈసారి పెద్దగ చదివిండు.